ఒకే బంతిలో అందరూ: అపార్ట్‌మెంట్ సామూహిక భోజనాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మాది 160 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఉగాది, వినాయక చవితి అన్నదానం, కార్తీక వనభోజనాలు, డిసెంబరు 31 రాత్రి విందు... ఏడాదికి నాలుగుసార్లు అందరం కలిసి తింటాం. వంట సంగతి చూసే నలుగురిలో నేనొకదాన్ని, తొమ్మిదేళ్లుగా. పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లు, మా దగ్గర కొత్తగా కమిటీలో చేరినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి చాలావరకు ఇవే ప్రశ్నలు. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకుంటారు కదా, దీనికింత ఆలోచన ఎందుకు?

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. రెండో ఏడు కార్తీక వనభోజనాల్లో రెండో బంతి నడుస్తోంది. చివర కూర్చున్న ఒక పెద్దావిడ విస్తట్లో అన్నం, పెరుగు, ఒక అరటిపండు తప్ప ఏమీ లేవు. పప్పు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. సాంబారు వద్దన్నారు. గారె వద్దన్నారు, బొబ్బట్టు వద్దన్నారు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని అడిగితే, "ఏం లేదమ్మా, కార్తీకంలో మేం పప్పులు తినం" అన్నారు. మాధ్వుల (మధ్వాచార్యుల సంప్రదాయం పాటించేవారి) ఇళ్లలో చాతుర్మాస్యంలో, అంటే ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఉండే నాలుగు నెలల వ్రతకాలంలో, నెలకో వ్రతం ఉంటుంది. మొదటి నెల కూరలు మానేస్తారు, తర్వాత పెరుగు, ఆ తర్వాత పాలు, చివరి నెల పప్పుదినుసులు. ఆ చివరిదాన్ని ద్విదళ వ్రతం అంటారు, అది కార్తీక ఏకాదశి దాకా నడుస్తుంది. మేం ఆ రోజు పద్నాలుగు రకాలు వండించాం. పప్పులో పప్పు, సాంబారులో పప్పు, గారెలో మినప్పప్పు, బొబ్బట్టులో శనగపప్పు. కూరలన్నిటి తాలింపులోనూ మినప్పప్పూ శనగపప్పూ! పద్నాలుగు రకాల్లో ఆవిడ తినగలిగింది పెరుగన్నం ఒక్కటే. ఆవిడ మొహంలో ఫిర్యాదు లేదు, మొహమాటమే ఉంది. అది చూసి నాకు అన్నం సయించలేదు.

ఒకే బంతిలో ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వడ్డించడాన్ని మన పెద్దలు పంక్తిభేదం అని తప్పుపట్టారు. అందరికీ అవే వడ్డించినా, ఒక మనిషి తినలేనివే వడ్డిస్తే అదీ పంక్తిభేదమే అని నాకు ఆ రోజు అనిపించింది.

ఎవరేం తింటారో ముందే ఎలా తెలుసుకోవాలి?

"వెజ్జా, నాన్‌వెజ్జా?" అని అడిగి ఊరుకుంటే సగం కూడా తెలియదు. మేం అడిగేది ఒక్కటే: "మీ ఇంట్లో ఎవరికైనా ఏది వడ్డించకూడదు?" చందా వసూలుకు వెళ్లినప్పుడే ఈ ప్రశ్న ఉన్న కాగితం ఇస్తాం. కారణం రాయమని అడగం. వ్రతమో, మతమో, డాక్టరు చెప్పిందో, ఇష్టం లేకపోవడమో మాకు అనవసరం. ఒక్క విషయం మాత్రం గట్టిగా అడుగుతాం: "పొరపాటున నోట్లోకి వెళ్తే ప్రమాదమా?" దానికి అవునని రాసినవాళ్ల జాబితా వేరు, దాన్ని చూసే మనిషి వేరు.

వాట్సాప్ గ్రూపులో అడిగితే సరిపోదా అంటారు. సరిపోదు. అందరి ముందూ "నాకు ఇది పడదు" అని చెప్పుకోవడానికి చాలామందికి మొహమాటం. గుమ్మం దగ్గర అడిగితే చెబుతారు. కోడలు రాయనిది అత్తగారు చెబుతారు, అత్తగారు వద్దన్నది మనవరాలు చెబుతుంది.

ఇలా అడిగితే కులం అడిగినట్టు అనుకోరా?

అనుకోవచ్చు. మన దగ్గర "మీరు తింటారా?" అన్న ప్రశ్న వెనక చాలాసార్లు ఉండేది కులమే. అందుకే "ఏం తింటారు" అని కాకుండా "ఏది వడ్డించకూడదు" అని అడగమంటున్నాను. అదీ అన్ని ఇళ్లలోనూ, ఒకే మాటల్లో. పేరు చూసి, బొట్టు చూసి, గడ్డం చూసి మనమే ఊహించుకోకూడదు. ఇంటిపేరు చూసి శాకాహారి అనుకున్నాయన మటన్ కోసం మొదట ప్లేటు పట్టుకున్నారు. ముస్లిం కాబట్టి బిర్యానీ ఇష్టమని మేం తీర్మానించేసిన అమ్మాయి చిన్నప్పటి నుంచీ మాంసం ముట్టదు.

అందరికీ శాకాహారమే పెట్టేస్తే గొడవ ఉండదు కదా?

కొన్ని భోజనాలకు అదే సరైన దారి. కార్తీకంలో, వినాయక చవితికి మాదీ అదే పద్ధతి. సిక్కుల లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనంలో, శాకాహారం వండేదీ ఇందుకే. ఏ మతంవాడు వచ్చినా పక్కపక్కన నేల మీద కూర్చుని అదే వంట తినగలగాలి. అమీర్‌పేట గురుద్వారాలో ఒకసారి కూర్చుని తిని చూడండి, నేను వంద మాటల్లో చెప్పలేనిది అర్థమవుతుంది.

అయితే దాన్ని అన్ని భోజనాలకూ చట్టం చేయకండి. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో, మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 98 మంది మాంసాహారులు. దసరాకు యాట తెగందే పండగ కానట్టే అనుకునే తెలంగాణ ఇళ్లు ఎన్నో. "మన అపార్ట్‌మెంట్‌లో నీచు వండం" అని గర్వంగా చెప్పే కమిటీలను చూశాను. అక్కడ ఇల్లు అద్దెకు దొరకనివాళ్లనూ చూశాను. భోజనం దగ్గర మొదలైన నియమం ఇంటి గుమ్మం దాకా వస్తుంది, జాగ్రత్త. మా డిసెంబరు విందులో కోడి ఉంటుంది, చేప ఉంటుంది.

రెండూ పెట్టినప్పుడు ఎలా సర్దాలి?

పొయ్యిలు వేరు, గరిటెలు వేరు, నూనె బాండీ వేరు, వడ్డించే కుర్రాళ్లు వేరు. చాలామంది మరిచిపోయేది నూనె. చికెన్ పకోడీ వేయించిన నూనెలో మిరపకాయ బజ్జీలు వేస్తే ఆ బజ్జీలు శాకాహారుల బల్ల మీద పెట్టే హక్కు మనకు లేదు. వంట మాస్టర్‌కు ఈ మాట ముందురోజే, డబ్బు మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి. పని మధ్యలో చెబితే "అలాగేనమ్మా" అంటారు, అదే బాండీలో వేస్తారు.

గిన్నెల ముందు అట్టముక్కలు పెట్టండి. ప్యాకెట్ల మీద ఉండే గుర్తులు అందరికీ తెలిసినవే కాబట్టి అవే గీయండి: చతురస్రంలో ఆకుపచ్చ చుక్క శాకాహారానికి, గోధుమరంగు త్రిభుజం మాంసాహారానికి. ఇదివరకు మాంసాహారానికీ చుక్కే ఉండేది. రంగుల తేడా తెలియనివారి కోసం త్రిభుజం చేశారు. గుడ్డు ఆ లెక్కలో మాంసాహారమే. గుడ్డు తినే శాకాహారులు చాలామంది ఉన్నా, కేకు ముందు "గుడ్డు ఉంది" అని రాయడం మానకండి.

తినేచోటు మాత్రం వేరు చేయకండి. వడ్డన బల్లలు దూరంగా ఉండాలి, కుర్చీలు కలిసే ఉండాలి. పక్క ప్లేటులో మాంసం ఉంటే తినలేనివారు కొందరు నిజంగానే ఉంటారు, వాళ్ల కోసం ఒక వరుస ఉంచుతాం. ఆ వరుసలో ఎవరైనా కూర్చోవచ్చు, ప్లేటులో ఏముందన్నదే చూస్తాం.

హలాల్ సంగతి?

ముస్లిం కుటుంబాలుంటే హలాల్ దుకాణంలో కొనండి. హైదరాబాద్‌లో అది కష్టమేమీ కాదు. అమృతం (ఖాల్సా దీక్ష) తీసుకున్న సిక్కులు హలాల్ మాంసం తినరు. ఇద్దరూ ఉన్నప్పుడు దాచకుండా అట్టముక్క మీద రాయడమే మర్యాద, శాకాహారం వైపు మంచి వంటకాలు ఉండేలా చూడడం మన బాధ్యత. మాంసం ఎక్కడ కొన్నారో అడిగితే చిరాకు పడకండి. ఇంకోటి: విందులో పెట్టే జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉండొచ్చు. అది జంతువుల నుంచి తీసేదే కాబట్టి ముస్లింలకూ శాకాహారులకూ ఇద్దరికీ ఇబ్బంది.

ఉల్లి, వెల్లుల్లి తిననివారికి విడిగా వండించాలా? ఖర్చు రెట్టింపు అవుతుందే!

అవదు. మన వంటలో ఒక సుగుణం ఉంది: తాలింపు ఆఖరున పడుతుంది. గుండిగలో కందిపప్పు ఉడికించి, ఉప్పూ పసుపూ వేశాక, తాలింపు పడకముందే పప్పును మూడు గిన్నెల్లోకి తీయించండి. పెద్దగిన్నెలో వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు. రెండోదాంట్లో ఇంగువ, జీలకర్ర. మూడోది చాలా చిన్నగిన్నె, కారం లేకుండా, పసిపిల్లలకూ పళ్లు లేని పెద్దలకూ. పొయ్యి ఒకటే, పప్పు ఒకటే, మాస్టర్‌కు పది నిమిషాల పని ఎక్కువ. చారుకూ ఇదే పద్ధతి. తాలింపులో నెయ్యి వాడకుండా వడ్డనలో ఇస్తే పాలపదార్థాలు ముట్టని వీగన్లకు కూడా పప్పు, చారు, పులుసు, పచ్చడి అన్నీ దక్కుతాయి. మన వీగన్ పిల్లల కోసం కొత్త వంటలు వెతకనక్కర్లేదు, నెయ్యి చెంచా ఆపితే చాలు.

వెల్లుల్లి దాక్కునే చోట్లు మాత్రం తెలిసి ఉండాలి. కొన్న ఆవకాయలో ఉంటుంది, కారప్పొడిలో ఉంటుంది, చారుపొడిలో కూడా ఉండొచ్చు.

జైన కుటుంబాలకు ఏం పెట్టాలి?

ఉల్లి, వెల్లుల్లి ఆపేస్తే జైన భోజనం అయిపోయిందనుకోవడం అందరూ చేసే పొరపాటు. భూమిలో పెరిగే దుంపలు, వేర్లు తినరు: బంగాళాదుంప, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, చేమదుంప, పచ్చి అల్లం. శొంఠికి, ఎండు పసుపుకు చాలామంది అభ్యంతరం చెప్పరు. చాతుర్మాస్యంలో ఆకుకూరలు కూడా మానేసేవారు ఎక్కువ. జైనుల చాతుర్మాస్యం కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి, మన వనభోజనాలు పౌర్ణమికి ముందు ఆదివారం పెట్టుకుంటే గోంగూర, పాలకూర పప్పు వాళ్లకు పనికిరావు. బీరకాయ, సొరకాయ, దొండకాయ, బెండకాయ, అరటికాయ ఉండనే ఉన్నాయి. అరటికాయ వేపుడు చేయించిన రోజు ఆలుగడ్డ వేపుడు గురించి ఎవరూ అడగలేదు.

రాత్రి విందయితే సమయం కూడా చూడాలి. సూర్యాస్తమయం తర్వాత తినని జైనులు చాలామంది. నవంబరులో హైదరాబాద్‌లో సాయంత్రం 5.40కల్లా పొద్దు గూకుతుంది. డిసెంబరు 31న మేం ఆ ఇళ్లవాళ్లకు సాయంత్రం 5 గంటలకే వేడివేడిగా వడ్డిస్తాం. వాళ్లతోపాటు కూర్చుని తినడానికి కమిటీలో ఇద్దరం వంతులు వేసుకుంటాం. ఖాళీ హాల్లో ఒక్క కుటుంబం తిని లేచిపోతే అది కలిసి తినడం ఎలా అవుతుంది?

లెక్కలో ఒక మాట. జైన కూర జైనులే తింటారనుకుని పది మందికి వండిస్తే అది మొదటి బంతిలోనే అయిపోతుంది. బాగుంటే అందరూ వేసుకుంటారు. కనీసం రెట్టింపు చెప్పండి, లేదా వాళ్లకు ముందుగా తీసి పెట్టండి.

అలర్జీలను ఎంత సీరియస్‌గా తీసుకోవాలి?

ఇదొక్కటే ఈ మొత్తంలో ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. మా దగ్గర జరిగింది చెబుతాను. నాలుగో తరగతి చదివే బాబుకు పల్లీలు పడవని వాళ్లమ్మ రాసిచ్చింది. మేం జాగ్రత్తగా పులిహోరలో పల్లీలు ఆపి జీడిపప్పు వేయించాం, బాబుకు జీడిపప్పు పడుతుందని అడిగి మరీ. వడ్డన రద్దీలో ఇడ్లీల పక్కన ఉన్న పల్లీ చట్నీ గరిటె ఎవరో పులిహోర బేసిన్‌లో పెట్టారు. నాలుగు ముద్దలకే బాబు పెదాలు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు, గొంతులో గురగుర. కారులో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఇంజెక్షన్ ఇచ్చారు, సాయంత్రానికి తేరుకున్నాడు. ఆ పదిహేను నిమిషాల కారు ప్రయాణం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తప్పు ఎవరిదో కాదు, చట్నీని ఆ బల్ల మీద పెట్టించింది నేనే.

అప్పటినుంచి మా దగ్గర ఎవరికైనా పల్లీలు ప్రమాదమని తెలిస్తే ఆ భోజనంలో పల్లీ అసలు వంటశాలలోకే రాదు. చట్నీ కొబ్బరితో చేస్తాం, వేరుశనగ నూనె బదులు పొద్దుతిరుగుడు నూనె వాడతాం. మిగతావాళ్లు ఒక పూట పల్లీ మానుకోవడానికి ఎవరూ కష్టపడలేదు.

పెదాలు, నాలుక ఉబ్బడం, ఆయాసం, గొంతు బిగుసుకోవడం, ఉన్నట్టుండి వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్ర వేసి చూద్దామని ఆగకండి. అప్పుడు కావలసిన మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. 108కి ఫోన్ చేయండి, లేదా ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరండి. దగ్గరి ఎమర్జెన్సీ ఎక్కడో భోజనాల రోజుకు ముందే తెలుసుకుని ఉండండి.

గోధుమ పడనివారు ఉన్నారు. మనది అన్నమే కదా, ఇబ్బంది లేదు కదా?

ఇంగువ ఉంది! కొట్లో దొరికే ఇంగువలో చాలా రకాల్లో మైదానో గోధుమపిండో కలుపుతారు. సీలియాక్ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) ఉన్నవారికి ఆ చిటికెడు కూడా హాని చేస్తుంది. డబ్బా వెనక చదివి, బియ్యప్పిండితో చేసింది తెప్పించండి, లేదా వాళ్ల గిన్నెలో జీలకర్రతో సరిపెట్టండి. సేమ్యా పాయసం బదులు బియ్యం పరమాన్నం. అప్పడాలు ముందు వేయించి, ఆ తర్వాతే అదే నూనెలో పూరీలు వేయండి. పూరీల పిండి నూనెలో దిగాక అప్పడం కూడా వాళ్లకు పనికిరాదు. ప్యాకెట్ సరుకుల మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే రాయాలని మన ఆహార నిబంధనల్లో ఉంది. ఒక్క నిమిషం పెట్టి ఆ చిన్న అక్షరాలు చదవండి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకు?

తీపి లేని మజ్జిగ, ఉప్పు తక్కువ కూర ఒకటి, కాస్త జొన్నరొట్టో కొర్రన్నమో. అంతకన్నా ముఖ్యంగా, బలవంతం చేయకండి. "ఒక్క బొబ్బట్టుకు ఏమవుతుంది, పండగపూట" అని విస్తట్లో వేసేయడం మన ప్రేమే, నాకు తెలుసు. వద్దన్నవాళ్లకు రెండోసారి చెప్పొద్దని వడ్డించే పిల్లలకు నేర్పండి.

ఉపవాసం ఉన్నవాళ్లను పిలవాలా?

తప్పకుండా. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, మర్నాడే రంజాన్ పండగ. మేం బొబ్బట్లు తింటున్న మధ్యాహ్నం మా ముస్లిం ఇళ్లవాళ్లు ఆఖరి రోజాలో ఉన్నారు. మూడు ఇళ్లకూ ఉగాది పచ్చడి, పులిహోర, బొబ్బట్లు తీసిపెట్టి, సాయంత్రం ఇఫ్తార్ వేళకు పట్టుకెళ్లాం. ఖర్జూరంతో పాటు వేపపువ్వు పచ్చడితో రోజా విప్పారు. నాకు తెలిసిన ఉగాదుల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

ఏకాదశి వాళ్లకు పళ్లు, పాలు ఉంచండి. అయ్యప్ప మాలలో ఉన్న స్వాములు చాలామంది బయటి వంట తీసుకోరు, వాళ్లనే అడగండి. మా స్వాములు ఏటా వడ్డనకు వస్తారు.

ఒక కుటుంబం మడి కాబట్టి విడిగా కూర్చుంటామంది. ఏం చేయాలి?

గిన్నె విడిగా కావాలంటే ఇవ్వండి. ఇంటి నుంచి తెచ్చుకుంటామంటే తెచ్చుకోనివ్వండి. బంతి విడిగా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఒకప్పుడు బంతులు కులాన్ని బట్టే వేసేవారు. దాన్ని పోగొట్టడానికే సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టి మాటలు పడ్డారు. తిండి విషయంలో ఎంత సర్దుకోవాలన్నా సర్దుకుంటాం, పక్కన ఎవరు కూర్చోవాలన్నదానిలో సర్దుబాటు లేదు. మా దగ్గర ఒక కుటుంబం రెండేళ్లు రాలేదు. మూడో ఏడు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని అందరితో కూర్చున్నారు.

వాచ్‌మన్లు, పనివాళ్ల భోజనం?

వాళ్లూ లెక్కలో ఉండాలి, ఆ కాగితం వాళ్లకూ ఇవ్వాలి. "మిగిలితే ఇద్దాం" అన్న మాట కమిటీలో వినపడితే ఆపండి. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా వండి పెట్టారు, మీరెవరని అడగలేదు. మనం ఏడాదికి నాలుగు పూటలు చేయలేమా? మా సెక్యూరిటీ కుర్రాళ్లలో బిహార్, ఒడిశా వాళ్లు ఉన్నారు, అన్నంతో పాటు రొట్టె కావాలన్నారు, చేయిస్తున్నాం. రాత్రి డ్యూటీ వాళ్లకు మొదటి బంతికి ముందే తీసిపెడతాం.

మిగిలిన వంట ఏం చేయాలి?

వండాక బయట రెండు గంటలు దాటిన అన్నం, కూర ఎవరికీ ఇవ్వకండి. వేడిగా ఉంచినవాటినే, వెంటనే సర్ది పంపండి. పొట్లాల మీద కూడా ఏముందో రాయండి: పల్లీలు ఉన్నాయా, వెల్లుల్లి ఉందా, మాంసమా. మా దగ్గర ఆ రాతపని ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న ఆ బాబుదే.